తొక్కని మూడో బేసు

లాండ్రీ జట్టు కెప్టెన్‌ని అందరూ ఇస్త్రీ అక్క అంటారు. ఆమె పనిచేసేది ఇస్త్రీ సెక్షన్‌లో. పైగా ఎదుటివాళ్ల తప్పు కనబడితే చాలు, కాలే ఇస్త్రీపెట్టెలా మీద వాలిపోతుంది. సాఫ్ట్‌బాల్ రూల్సన్నీ ఆమెకు కంఠతా వచ్చు. బంతి విసిరే పిచ్చర్ చేతిలోంచి అది బయటపడకముందే రన్నర్ బేసు వదిలితే ఔట్ అనే రూలు ఆమె నిద్రలో కూడా చెప్పగలదు.

నెల కిందట ప్రాక్టీసులో సొంత తోడికోడలే, పరుగులో వరుసగా తొక్కాల్సిన బేసు సంచుల్లో రెండోదాన్ని తొక్కకుండా దాటేసింది. ఇస్త్రీ అక్క ఊరుకుంటుందా? "కళ్లు నెత్తికెక్కాయా? పది రౌండ్లు తిరుగు. ప్రతి బేసూ తొక్కు. పైకి లెక్కపెట్టు" అంది, జట్టంతా చూస్తుండగా. ఏడో రౌండుకి తోడికోడలు కళ్లు తుడుచుకుంది. అయినా పదీ లెక్కపెట్టింది.

నిన్న బేకరీ జట్టుతో ఫైనల్. ఆఖరి ఇన్నింగ్స్, స్కోరు సమానం, ఒక్క పరుగొస్తే లాండ్రీదే గెలుపు. ఇస్త్రీ అక్క రెండో బేసు మీద ఉంది. మూడో బేసు పక్కన నిలబడి, పరుగెత్తమనో ఆగమనో రన్నర్లకు సైగ చేసే పని తోడికోడలిది. లాండ్రీ బ్యాటర్ కొట్టిన బంతి కుడివైపు దూసుకుపోయింది. ఆగకుండా పరుగెత్తమని తోడికోడలు చేయి గిరగిరా తిప్పింది. ఇస్త్రీ అక్క మూడో బేసు దగ్గర మలుపు తిరిగింది. పాదానికి మెత్తగా సంచి తగలాలి, మట్టి తగిలింది. వెనక్కి వెళ్లి తొక్కితే పరుగు పోతుంది. వెళ్లలేదు.

పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేటు తొక్కాక అంపైర్ ముఖంలోకి చూసింది. ఆయన చూసే ఉంటాడు. కానీ రన్నర్ బేసు తప్పినా, అవతలి జట్టు వచ్చి అడిగితే తప్ప అంపైర్ నోరు విప్పకూడదు. అదీ వాళ్లు మైదానం దాటేలోగా అడగాలి. బేకరీ వాళ్ల కళ్లన్నీ బంతి మీదే ఉన్నాయి. ఎవరూ అడగలేదు.

పైగా వాళ్ల కెప్టెన్ నేరుగా వచ్చి చేయి కలిపింది. "ఎంత బాగా పరుగెత్తారండీ!" అంది మనస్ఫూర్తిగా.

అప్పటికింకా అందరూ మైదానంలోనే ఉన్నారు. 'బేసు తొక్కలేదండీ' అంటే సరిపోయేది.

"థాంక్సండీ" అంది ఇస్త్రీ అక్క. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కప్పుతో ఫొటో తీస్తుంటే తలెత్తలేకపోయింది. "గెలిచినా ఎంత అణకువో చూడండి" అన్నారెవరో. చచ్చినంత పనైంది.

ఈరోజు పొద్దున ఎవరూ రాకముందే మైదానానికి వచ్చి పరుగు మొదలుపెట్టింది. ప్రతి బేసూ తొక్కుతూ, లోలోపల లెక్కపెట్టుకుంటూ తిరిగింది. తొమ్మిదో రౌండులో చూస్తే తోడికోడలు బెంచీ మీద కూర్చుని బూట్లు వేసుకుంటోంది. పదోది ముగించి రొప్పుతూ ఆమె దగ్గరికి వెళ్లింది.

"నిన్న చూశావా?"

"పక్కనే ఉన్నాగా అక్కా."

"మరి చెప్పలేదేం?"

"నలుగుర్లో నీ తల తీసేసినట్టవుతుందని."

ఇస్త్రీ అక్క ముఖం చేతుల్లో దాచుకుంది. "నీకు వేసిన శిక్షే నేనూ వేసుకున్నానే. పది రౌండ్లూ తిరిగాను. ఇక చెల్లు కదా?"

తోడికోడలు లేసు ముడి బిగిస్తూ, తలెత్తకుండానే అంది. "నేను తిరిగిన రోజు అందరూ చూస్తున్నారక్కా."

జట్టంతా వచ్చేదాకా ఇస్త్రీ అక్క మూడో బేసు పక్కన నిలబడింది. అందరూ వచ్చాక, నిన్న ఆ బేసు తొక్కలేదని చెప్పి, రౌండ్లు మళ్లీ మొదలుపెట్టింది.

"ఒకటి" అంది, పైకే.