రెండో పీపా వాసన

విస్కీలో నీళ్లు రెండు చుక్కలు ఎక్కువ పడ్డాయేమో, పడితే ఏం పడకపోతే ఏం, ముక్కు గ్లాసులో పెట్టినా బయట పెట్టినా ఒకటే అయినప్పుడు, అనుకుంటూనే సుందరరాజు గ్లాసును వేళ్ల మధ్య మెల్లగా తిప్పాడు, గుడివాడ శివార్లలోని ఈ డిస్టిలరీలో ఇరవై ఆరేళ్లుగా ఏ సరుకు సీసాలకెక్కాలన్నా ముందు తన ముక్కు దాటాల్సిందే, తిప్పడం చేతికి వచ్చు, కళ్లు సగం మూయడం ముఖానికి వచ్చు, ఎదురుగా కూర్చున్న ఓనరు మోహన్ గారికి అనుమానం రానంత బాగా వచ్చు, లోపలికి పీల్చాడు, గాలి వచ్చింది, చల్లటి ఏసీ గాలి, అంతే, నలభై రోజులుగా ఇంతే, జ్వరం వచ్చి తగ్గింది, జలుబు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు, మొన్న పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమ్ముకుంటే సౌభాగ్యమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది, ఏవండీ, ఇక్కడే ఉండి మీకు తెలీలేదా, పేపరు చదువుతున్నానే అన్నాడు, పెళ్లానికి కూడా చెప్పలేదు, ఇక్కడెవరికైనా తెలిస్తే కష్టమని బందరు వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాడు, కొందరికి వస్తుందండీ కొందరికి రాదు, ఎదురుచూడ్డమే అన్నాడాయన, అక్కణ్ణుంచి తిన్నగా గిలకలదిండి పోయి, ఎండుచేపలు ఆరబోసిన చోట గుప్పెడు నెత్తళ్లు తీసి ముఖానికి అద్దుకున్నాడు, గరుగ్గా తగిలాయి, ఉప్పు పెదవికి అంటింది, కొంటావా బాబూ, ఊరికే ముద్దెట్టుకుంటావా అని చేపలావిడ నవ్వింది, నవ్వనీ.

ఏం మాట్లాడరేంటండీ సుందరరాజు గారూ, మోహన్ గారి గొంతు, ఒక్క నిమిషం సార్ అన్నాడు, ఆయన తొందర ఆయనది, అమెరికా నుంచి డ్రమ్ముల్లో తెప్పించిన బర్బన్ ఇది, మొక్కజొన్న విస్కీ, అక్కడ నాలుగేళ్లు ఓక్ పీపాలో ఉన్న సరుకు, దాన్ని ఇక్కడ ఇంకో కొత్త ఓక్ పీపాలో పోసి ఎనిమిది నెలలు ఉంచడం ఆయన సొంత ఆలోచన, ఎడమ గ్లాసులో అక్కడి మొదటి పీపాది, కుడి గ్లాసులో ఇక్కడి రెండో పీపాది, ఆ రెండో పీపా చేసింది మొయినుద్దీన్, పలకలు వంచి, ఇనప పట్టీలు బిగించి, లోపలంతా నిప్పుతో నల్లగా కాల్చి, ఇదిగో గుమ్మం పక్కనే నిలబడ్డాడు, భుజాన తువ్వాలు, కుడిది బాగుంటే ఇంకో నలభై పీపాల పని అతనికే, లేకపోతే ఇంతటితో సరి, జన్మలో మందు ముట్టని మనిషి, తన చేతిపని ఎలా కుదిరిందో తెలుసుకునే దారే లేదు, పొద్దున గేటు దగ్గర ఆపి, రాజు గారూ, మీరు బాగుందంటే బాగున్నట్టండీ, లేదంటే లేనట్టే, నేనేం అనుకోను అన్నాడు, ఎందుకన్నావయ్యా ఆ మాట, కుడి గ్లాసు నాలిక మీద పోసుకున్నాడు, తీపి తెలిసింది, మంట తెలిసింది, చివర్లో చిగుళ్లు పట్టేసే వగరు, పచ్చి వక్క నమిలినట్టు, అది చెక్క వగరేనా, లేక పీపాకి చెమ్మ తగిలి బూజెక్కిందా, బూజు సంగతి చెప్పేది ముక్కే, నాలికకేం తెలుసు, గిన్నెలో ఉమ్మేశాడు, తేనె, వెనిలా, కాల్చిన పంచదార అని నాలుగు మాటలు అనేస్తే కాదనేవాడెవడు, కానీ అది బూజు అయితే, పోనీ బాలేదంటే, ఏ తప్పూ లేని మొయినుద్దీన్ తువ్వాలు దులుపుకుని వెళ్లిపోతాడు, మళ్లీ పీల్చాడు, ఎడమది, కుడిది, మళ్లీ ఎడమది, గ్లాసు అంచు ముక్కుకు గుచ్చుకునేదాకా, రా, ఒక్కసారి రా, ఈ ఒక్క పూటకి రా తల్లీ, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఘాటుకేనేమో, ఘాటు మాత్రం తెలుస్తోంది.

నాకు వాసన రావడం లేదండీ, ఎవరన్నారా మాట అని సుందరరాజే ఉలిక్కిపడ్డాడు, జలుబా అన్నారు మోహన్ గారు, కాదండీ, నలభై రోజుల్నుంచీ, మరి ఈ నెలలో మీరు పాస్ చేసిన సరుకంతా, ల్యాబు కాయితాలు చూసి సంతకం పెట్టానండీ, ఆయన ముఖం ఎర్రబడింది, లేచి కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డారు, ఇన్నేళ్ల నమ్మకమండీ అని మాత్రం అన్నారు, తిట్టినా బాగుండేది, పక్కన నోట్సు రాసుకుంటున్న ల్యాబు కెమిస్టు మాధవి పెన్ను ఆపేసింది, అవనిగడ్డ పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, అమ్మా, నువ్వు చూడు, గ్లాసులు అటు జరిపాడు, నాకా పేర్లేవీ తెలీవు సార్, పేర్లొద్దమ్మా, ఏం గుర్తొస్తే అది చెప్పు, వంగింది, ఎడమది పేలాలు సార్, కాస్త తేనె, కుడిది, కుడిది ఆగండి సార్, కొబ్బరి కోరు నేతిలో వేయిస్తున్నట్టుంది, బెల్లం పాకం, అడుగున చూడు, అడుగున ఏముంది, తడి గోనెసంచా, చాన్నాళ్లు మూసిన గదా అని అడిగాడు, కాదు సార్, కొత్త తలుపు చిత్రిక పట్టినప్పటి వాసన, కొంచెం పొగ, అంతే, నిజంగా అంతే.

మళ్లీ నాలిక మీద వేసుకున్నాడు, ఈసారి వగరు చెక్కదేనని తెలిసింది, పీపా మంచిదండీ, రెండోసారి పోయడం మేలే చేసింది, కానీ మన ఎండలకి వగరు ముదురుతోంది, సరుకు ఇవాళే పీపాలోంచి తీయించేయండి, మిగతా వాటికి ఆరు నెలలు చాలు, అన్నాడు, మోహన్ గారు ఇటు తిరక్కుండానే సరే, నలభై చేయించండి అన్నారు, గుమ్మం దగ్గర మొయినుద్దీన్ నవ్వలేదు, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, రాజు గారూ, మరి మీ సంగతేంటండీ అన్నాడు, మాధవి ఎవరూ అడక్కుండానే ఇంకోసారి కుడి గ్లాసు మీదికి వంగి తనలో తనే నవ్వుకుంది, కొబ్బరి అందిగా, నేతిలో కొబ్బరి, ఎలా ఉంటుందది, సుందరరాజు కళ్లు మూసుకుని వెతికాడు, బాణలి కనిపించింది, ఎర్రగా వేగుతున్న కోరు కనిపించింది, సౌభాగ్యమ్మ గాజుల చప్పుడు కూడా వినిపించింది, కొబ్బరి అనే మాట వచ్చింది, వాసన రాలేదు, ముక్కులోంచే కాదు, జ్ఞాపకంలోంచి కూడా వెళ్లిపోతోంది, ఎదురుచూడ్డానికి ఇంకేం లేదు, అది ఇక రాదు.