వొరిగిన మూత

“అరగంట నుంచి మొత్తుకుంటున్నాను, ముందు డబ్బా గియ్యవే. డబ్బాకి మధ్యగీత, ఆ గీత మీద మూతకి కోలసున్నా. ఆ తర్వాతే కెటిల్.”

“పిన్ని అలా చెప్పలేదమ్మా. ముందు దాంతో నీళ్లు పోసి చూడమంది.”

“పిన్ని పొయ్యమంటే పోస్తావు. నేను గ్లాసు కడగమంటే మాత్రం చెవుడు.”

“ఆ కెటిల్ ఇటు పడేస్తే నేను టీ పెట్టుకుంటాను. నాకు ఆఫీసుంది” అన్నారు మావారు.

మా కాలేజీలో వస్తువులు డిజైన్ చెయ్యడం నేర్పుతారు. మొదటి ఏడాది పిల్లలకి స్కేలు లేకుండా చేత్తో గియ్యడం నేర్పేది నేను. పదహారేళ్లుగా అదే పని. ఈ ఏడు బి సెక్షన్‌కి అదే పాఠం చెప్పడానికి మా చెల్లెలు వచ్చింది. సొంత పిల్లలకి పాఠం చెప్పకూడదని రూలు, కాబట్టి నా కూతురు దాని క్లాసులో పడింది. నా క్లాసు పిల్లల గీతలు దారం లాగినట్టుంటాయి. కానీ గంట కొట్టగానే సంచులు సర్దేస్తారు. దాని పిల్లలు లేవరు. ఇంట్లో నా కూతురి నోట ముద్దముద్దకీ పిన్నే. నా బిడ్డకి గీత నేర్పాల్సింది నేను కదా అని కడుపు రగిలిపోయేది.

అమ్మాయి కెటిల్ గియ్యడం ముగించి స్నానానికి వెళ్లింది. బొమ్మ బల్లమీదే ఉంది. హ్యాండిల్ బాగా కుదిరింది, నేను నేర్పకుండానే. మూత మాత్రం ఓ పక్కకి వొరిగింది. నా క్లాసులో రబ్బరు ముట్టనివ్వను. ఆ పొద్దున ముట్టాను. వొరిగిన మూత చెరిపేసి, భుజం కదిలించి, ఒక్క ఊపులో కోలసున్నా తిప్పాను. తప్పు దిద్దుతున్నాననే అనుకున్నాను. నిజానికి ఆ కాగితం మీద నా చెయ్యి కూడా ఉండాలనిపించింది.

మధ్యాహ్నం పనేమీ లేకపోయినా బి సెక్షన్ వైపు వెళ్లాను. బొమ్మలన్నీ గోడకి గుచ్చి ఉన్నాయి.

“ఈ మూత చూడండి, మా అక్క క్లాసులోంచి ఎగిరొచ్చినట్టు లేదూ?” అంది చెల్లెలు. పిల్లలు నవ్వారు. “కానీ ఈ కెటిల్ నాకు తెలుసు. రెండేళ్ల కిందట నా చేతిలోంచే జారిపడింది. అప్పట్నించీ మూత వొరిగే కూర్చుంటుంది. రోజూ చూసేదాన్ని చూడకుండా గీశావేమే?”

అమ్మాయి తలెత్తింది. గుమ్మంలో నేను కనిపించాను. అమ్మ గీసిందని ఒక్క మాట అంటే సరిపోయేది.

“తప్పయింది మేడమ్” అంది.

నా వంటింట్లో కెటిల్ నాకంటే చెల్లెలికే బాగా తెలుసు. జారవిడిచిన రోజు దాన్ని తిట్టిందీ నేనే.

రాత్రి భోజనాలకి చెల్లెలు కూడా వచ్చింది. అమ్మాయి కంచం తీసుకుని పిన్ని పక్కకి జరిగింది.

“ఆ మూత గీసింది నేనే” అన్నాను.

“ఏ మూత? ఊరగాయ గిన్నెదా?” అన్నారు మా అత్తయ్య. చెల్లెలి పెదవి చివర నవ్వు మొలుస్తోంది. నాకు మళ్లీ మండింది. మండుతూనే చెప్పాను:

“గురువారాలు నాకు క్లాసు లేదు. ఈ వారం నుంచి బి సెక్షన్‌లో వెనక బెంచీలో కూర్చుంటాను. పెన్సిలు తెచ్చుకుంటాను. రబ్బరు తేను.”