లేనిదానికి పరీక్ష

“లేనిదానికి పరీక్షేంటమ్మాయ్?” అంది త్రిపురసుందరమ్మ, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ. “సంచే తీసేశాక ఇంకా ఏం మిగిలిందని చూస్తారూ?”

శాంభవి కుక్కరు మూడో కూత కోసం చెవి అటే పెట్టి, కూతురు అక్షయ క్యారేజీ మూత నొక్కుతోంది. అత్తగారి మాటలో తప్పేం లేదు. నిన్న మధ్యాహ్నం దాకా తనూ అలాగే అనుకుంది.

గుణదలలో తను సైన్సు చెప్పే స్కూల్లో నిన్న ఆడ టీచర్లకు క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. “పీరియడ్లు పోకుండా ఒక్కొక్కరే వెళ్ళి రండమ్మా,” అన్నారు ప్రిన్సిపాల్ గారు. అమలమ్మ అనే నర్సు పేరూ వయసూ రాసుకుని, “గర్భసంచి ఉందా?” అనడిగింది.

“లేదండీ. తీసేసి పదకొండేళ్ళయింది.”

“ఎందుకు తీశారు?”

ఎందుకు తీశారో శాంభవికి తెలియదు.

అప్పుడు ముప్పై రెండేళ్ళు. నెల మధ్యలో మరకలు కనబడుతున్నాయని బెంజ్ సర్కిల్ దగ్గరి నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్ళాడు భర్త ఉదయభాస్కర్. ఏదో పరీక్ష చేశారు, ఏదో తేడా ఉందన్నారు. డాక్టరు భర్తనీ అత్తగారినీ లోపలికి పిలిచి మాట్లాడాడు. ఐదేళ్ళ అక్షయని ఒళ్ళో పడుకోబెట్టుకుని తను బయట బెంచీ మీద కూర్చుంది. వాళ్ళు బయటికొచ్చేసరికి ఆపరేషన్ తేదీ కూడా ఖాయమైపోయింది, భర్తకి సెలవు దొరికే రోజు చూసుకుని. “తీసేస్తే పీడా పోతుందట,” అంది అత్తగారు. తీసిన దాన్ని ట్రేలో పెట్టి అందరికీ చూపించారట. భర్త చూశాడు, అత్తగారు చూసింది, కంకిపాడు నుంచి వచ్చిన ఆడపడుచు కూడా చూసింది. మెలకువ వచ్చాక ఎలా ఉందని అడిగితే, “ఏముంది వదినా, జామకాయంత,” అని నవ్వింది. ఇరవయ్యో రోజుకల్లా శాంభవి పొయ్యి దగ్గరికి వచ్చేసింది. ఆ తర్వాత ఎప్పుడు నడుం నొప్పి అన్నా, నీరసం అన్నా ఒకటే మాట: “నీకింక నెలనెలా బాధ కూడా లేదుగా!”

శాంభవి తనకు తెలిసినంత చెప్పాక నర్సు తటపటాయించి డాక్టర్ని పిలిచింది. జ్ఞానేశ్వరి గారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. “గడ్డల కోసం తీసుంటే మీకీ పరీక్ష అక్కర్లేదండీ. కానీ ముందు పరీక్షలో తేడా వచ్చి తీశారంటున్నారు. ఆ తేడా తెచ్చేది హెచ్‌పీవీ అనే వైరస్. అది సంచితో పాటే పోతుందని నమ్మకం లేదు. లోపల, సంచి తీసి కుట్టిన చోట ఉండిపోవచ్చు. అలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పరీక్షలు చేయించుకుంటూనే ఉండాలి. ఇప్పుడు శాంపిల్ తీసుకుంటాను. మీరు అప్పటి బయాప్సీ రిపోర్టు వెతకండి.”

శాంపిల్ తియ్యడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం భర్త టీవీ ముందున్నప్పుడు అడిగింది. “నా ఆపరేషన్ కాగితాలు ఎక్కడున్నాయండీ?”

“ఇప్పుడెందుకవి? ఆ నర్సింగ్‌హోమే లేదు. అక్కడ సెల్‌ఫోన్ల షాపొచ్చింది,” అన్నాడు తల తిప్పకుండా.

ఆదివారం అతను కంకిపాడులో గృహప్రవేశానికి వెళ్ళాక శాంభవి బీరువా తెరిచింది. ఉదయభాస్కర్‌ది శుభ్రమైన చేతిరాత. ప్రతి ఫైలు మీదా గుండ్రటి అక్షరాలతో కారు, ఇల్లు, అక్షయ చదువు అని రాసి ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా వాటి మీద దుమ్ము తుడుస్తోందే గానీ తెరిచి చూడలేదు. తన పేరుతో ఫైలు లేదు. ‘అమ్మ మోకాళ్ళు’ అని రాసిన ఫైల్లో, ఎక్స్‌రేల వెనకాల దొరికింది ఆ కాగితం.

ఆమె పదో తరగతికి పునరుత్పత్తి పాఠం చెప్పే మనిషి. ఆ ఇంగ్లీషు మాటలు ఆమెకు అర్థమయ్యాయి. గర్భాశయ ముఖద్వారంలో కణాల మార్పులు, మూడో గ్రేడు. క్యాన్సర్ కాదు, కానీ దాని వాకిట్లో ఉన్నట్టే. కోసిన అంచుల్లోనూ ఆ మార్పులున్నాయి. అడుగున పెన్నుతో, ‘ఏటా పరీక్ష తప్పనిసరి. భర్తకు వివరించడమైనది.’ దాని కింద గుండ్రటి అక్షరాల సంతకం.

బీరువా ముందే కూలబడింది. అక్షయ వచ్చి “ఏమైందమ్మా?” అంటే, “కళ్ళు తిరిగాయే,” అంది.

భోంచేసి తిరిగొచ్చిన భర్త చేతికి కాగితం ఇచ్చింది. అతను చాలాసేపు చదివినట్టు నటించాడు.

“నువ్వు భయపడతావని చెప్పలేదు.”

“భయపడి పరీక్ష చేయించుకునేదాన్ని కదండీ.”

“మరుసటేడు తీసుకెళ్దామనే అనుకున్నా. అప్పుడే అమ్మకి మోకాళ్ళ ఆపరేషనొచ్చింది. నువ్వూ బాగానే తిరుగుతున్నావు. మర్చిపోయాను శాంభవీ.”

కారు సర్వీసింగు తేదీ ఏనాడూ మర్చిపోని మనిషి. పదకొండేళ్ళు. ఆ భయం తనది, తన ఒంటిది. దాన్ని తీసుకెళ్ళి ఎక్స్‌రేల వెనక పెట్టి, ఈయన హాయిగా మర్చిపోయాడు. అరవాలనిపించింది. అతని చేతిలోంచి కాగితం తీసుకుని తన స్కూలు బ్యాగులో పెట్టుకుంది.

పది రోజులకు ఫలితం వచ్చింది. వైరస్ ఉంది. స్టాఫ్‌రూమ్‌లో ఒక మూలకి వెళ్ళి డాక్టరుకి ఫోన్ చేసింది.

“ఉందంటే క్యాన్సర్ అని కాదండీ,” అన్నారు జ్ఞానేశ్వరి గారు. “లోపలి భాగాన్ని పెద్దది చేసి చూపించే యంత్రంతో చూసి, అనుమానమున్న చోట చిన్న ముక్క తీస్తాను. అప్పుడే ఏ సంగతైనా చెప్పగలం. గురువారం మా ఆసుపత్రికి రండి.”

“ఏటా చూపించుకునుంటే…”

“ముందు గురువారం రండమ్మా.”

సగం రోజు సెలవడిగితే ప్రిన్సిపాల్ గారు క్యాలెండర్ వైపు చూశారు. “మీకు సిలబస్ కాలేదు కదమ్మా. ఆ రిప్రొడక్షన్ లెసన్ వదిలెయ్యండి, పిల్లలే చదువుకుంటారు.” ఇంట్లో ఫలితం చెబితే భర్త అన్నం కలుపుతూ ఆగాడు. “వైరస్సా? అది నీకెక్కణ్ణుంచి వచ్చింది?” అని కళ్ళెత్తి చూశాడు.

“అది కాపురంలో అంటుకునేదండీ, మీ దగ్గర్నుంచే. నాకు ఇంకో దారి లేదు. పెళ్ళయిన కొత్తలో వచ్చినా ఇన్నేళ్ళూ ఉండిపోతుందట.”

అతను కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ కంచమూ తనే తీసింది. మర్నాడు పొద్దున బియ్యం కడుగుతున్నా అదే ఆలోచన. ఇదివరకే ముదిరిపోయి ఉంటే? అక్షయకి ఇంటర్ పరీక్షలు మార్చిలో. నలభై మూడేళ్ళ ఒంట్లో ఏం జరుగుతోందో బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి చూసుకోవడానికి వీల్లేదు. మూడోసారి కడిగిన బియ్యాన్నే నాలుగోసారీ కడిగింది.

బుధవారం సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే త్రిపురసుందరమ్మ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

“మీరెందుకొచ్చారత్తయ్యా?”

“ఆ పరీక్ష నొప్పిగా ఉంటుందా అమ్మాయ్?”

“లేదు. రెండు నిమిషాలు. ఏం?”

ఆవిడ పిట్టగోడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. “ఆర్నెల్లుగా కనబడుతోందే.”

“ఏంటి కనబడేది?”

“నెత్తురు. ముట్లుడిగి ఇరవయ్యేళ్ళయింది నాకు. పాతచీర చింపి పెట్టుకుంటున్నా. స్నానానికి వెళ్ళినప్పుడు నేనే ఉతికేసుకుంటున్నా.”

ఇంట్లో అందరి బట్టలూ ఉతికి ఆరేసేది శాంభవే. ఆమె కంట కూడా పడలేదు. “ఒక్క మాట చెప్పలేకపోయారా?”

“ఎవరికి చెప్పనూ? కొడుక్కా? నీకు చెప్దామంటే, నీ విషయంలో అంత తేలిగ్గా తీసేయమన్నదాన్ని నేనే. ఆ రిపోర్టు సంగతి నాకూ తెలీదే. దేవుడి మీద ఒట్టు.”

ఆవిడ మీద పదకొండేళ్ళ కోపం శాంభవి లోపల అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ ఆర్నెల్లుగా ఆ పాతచీర ముక్కల్ని ఆవిడ ఒక్కతే ఉతుక్కుంది, కడిగిన బియ్యాన్నే తను మళ్ళీ కడిగినట్టే. శాంభవి తీసిన బట్టలన్నీ కింద పెట్టి పిట్టగోడ మీది ఆవిడ చేతిని పట్టుకుంది.

“రేపు నాతో రండి.”

“వాడికి మాత్రం చెప్పకే.”

“చెప్పను. డాక్టరమ్మ ముందు మీతోనే మాట్లాడుతుంది అత్తయ్యా, మిమ్మల్నే లోపల కూర్చోబెట్టుకుని. అన్నీ తెలిశాక ఎవరికి చెప్పాలో మీరే చెప్దురుగాని.”