ఆరు నుంచి ఆరూ నలభై దాకా

"అయిపోయిన పనిని చెడగొట్టి మళ్ళీ మొదలుపెట్టడమేమిటి, నీకేమన్నా పిచ్చా?" అని భర్త మొదటిసారి అడిగినప్పుడు ఆమె చేతిలో గిన్నెలు తోమే పీచు ఉంది. పొద్దున తోమిన గిన్నెలనే సాయంత్రం మళ్ళీ తోముతోంది. జవాబు చేతిలోనే ఉన్నా ఆమెకు అప్పుడు తట్టలేదు. మంచి జవాబులు అందరికీ మనిషి వెళ్ళిపోయాక తడతాయి, ఆమెకైతే ఏళ్ళు పడుతుంది. "ఏదో కాలక్షేపం లెండి" అని నవ్వేసి ఊరుకుంది.

అతను అడిగింది పజిల్ గురించి. ఆమె పనిచేసే బడిలో పాత సామాన్ల గది ఖాళీ చేస్తున్నప్పుడు చెత్తబుట్ట పక్కన దొరికిన అట్టపెట్టె అది. మూత మీద ఒక సరస్సు, నాలుగు పడవలు, ఒడ్డున ఎర్ర కప్పుల ఇళ్ళు, సగానికి పైగా ఆకాశం. లోపల ఐదువందల ముక్కలు ఉండాలి. లెక్కపెడితే నాలుగువందల తొంభై తొమ్మిదే తేలాయి. ఒక పడవకు ముక్కు లేదు. ముక్కు లేకపోయినా పడవ పడవే కదా అనుకుని ఇంటికి తెచ్చుకుంది.

బడిలో ఆమెను అందరూ టైంటేబుల్ మేడమ్ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినిపించదు. నలభై రెండు మంది టీచర్లను ఇరవై ఆరు తరగతుల్లో సర్దడం ఆమె ఉద్యోగం. లెక్కల సారుకు మొదటి పీరియడ్ పనికిరాదు. సంగీతం టీచరు వారానికి రెండు రోజులే వస్తుంది. డ్రిల్లు సారుకు ఎండ తగలకూడదు, ఆ మాట ఆయనే సిగ్గులేకుండా చెప్తాడు. ఒకరిని కదిపితే నలుగురు కదులుతారు. జూన్‌లో మొదలుపెట్టిన టైంటేబుల్ మార్చి దాకా ఏ ఒక్కరోజూ పూర్తయిన పాపాన పోలేదు. మధ్యలో ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే, "మేడమ్, మీరైతే చక్కగా చూసుకుంటారు" అని హెడ్మాస్టరు కాఫీ కప్పుల వైపు చూస్తాడు. పక్క సీటులో ఉన్న మగ క్లర్కు చక్కగా చూసుకోలేడని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు.

అందుకే ఆ పజిల్ ఆమెకు అంత నచ్చింది. అది పూర్తవుతుంది. బడి నుంచి వచ్చి, అందరి చేతికీ కాఫీ అందించి, ఆరిన బట్టలు మడతపెట్టేసరికి ఆరవుతుంది. ఆరూ నలభైకి మళ్ళీ కూరగాయలు ముందేసుకోవాలి. ఆ మధ్య నలభై నిమిషాలు కూతురు ట్యూషన్‌లో ఉంటుంది, అత్తగారు టీవీ ముందుంటారు, భర్త షాపులో ఉంటాడు. పడకగది కిటికీ పక్కన మడత బల్ల తెరిచి కూర్చునేది. ముందు అంచు ముక్కలు ఏరేది, తర్వాత ఎరుపు, ఆ తర్వాత నీళ్ళు. ఆకాశం ఆఖరికి ఉంచుకునేది, పిల్లలు కంచంలో ఇష్టమైనది చివరికి దాచుకున్నట్టు. రెండువందల అరవై నీలం ముక్కలు, చూడడానికి అన్నీ ఒకటే. రెండు రోజులు పోయాక తెలుస్తుంది, ఒకటి కాస్త పాలిపోయిందనీ ఇంకొకటి కాస్త ముదురనీ. సరైన ముక్క సరైన చోట పడితే వేలి కింద చిన్న కదలిక తెలిసేది. ఆ క్షణాన ఆమెకు ఎవరూ గుర్తుండేవారు కారు, తాను కూడా. ఇరవై రోజులకు బొమ్మ పూర్తయ్యేది. ఒక్క రాత్రి అలాగే ఉంచుకుని, మర్నాడు ఆరింటికి అరచేత్తో ఒక మూల నుంచి తోసుకుంటూ వచ్చేది. పడవలూ ఇళ్ళూ విరిగి పెట్టెలో పడుతుంటే భలే హాయిగా ఉండేది. అలా తొమ్మిదిసార్లు పేర్చింది, ఎనిమిదిసార్లు విప్పింది.

తొమ్మిదోసారి విప్పే అవకాశం రాలేదు.

భర్తకు జిరాక్స్, లామినేషన్ షాపు ఉంది. మంచివాడు, కష్టపడతాడు, గట్టిగా ఒక మాట అనడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు, ఏ కాగితం కనబడినా దాన్ని ప్లాస్టిక్‌లో పెట్టి మూసేయడం. కూతురి సర్టిఫికెట్లు సరే, గ్యాస్ కనెక్షన్ కాగితం సరే, అత్తగారి మందుల చీటీ కూడా లామినేషన్ చేయించుకుంది. డాక్టరు దాని మీద కొత్త మందు రాయబోతే పెన్ను జారిపోయింది. "ఏ వస్తువైనా ఒకసారి బాగా కుదిరిందా, దాన్ని అలాగే నిలబెట్టేయాలి" అంటాడు. అది అతని వేదాంతం.

వాళ్ళ పెళ్ళిరోజు శనివారం పడింది. పరీక్షల హడావుడిలో ఆమె బడికి వెళ్ళింది. అతను అరపూట షాపు మూసి ఇంటికొచ్చాడు. ముందురోజే పూర్తయిన బొమ్మను మడత బల్ల మీంచి అట్ట మీదికి జాగ్రత్తగా జరిపి, గమ్ము పట్టించి, పైన పొర వేసి, నాలుగువైపులా ఫ్రేము బిగించాడు. సాయంత్రం ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే "కళ్ళు మూసుకో" అన్నాడు. తెరిచేసరికి హాల్లో, సోఫా పైన, గోడ మీద సరస్సు.

"ముక్కు లేని పడవ చూశావా?" అన్నాడు మురిసిపోతూ. "మూత మీది బొమ్మను కలర్ జిరాక్స్ తీసి, కొలతకు కత్తిరించి పెట్టా. ఇప్పుడు దీనికి లోటే లేదు. ఇక నువ్వు మళ్ళీ మళ్ళీ చచ్చినట్టు పేర్చుకోనక్కర్లేదు."

"బాగుంది" అంది. ఇంకేమంటుంది? తిట్టే మనిషి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ప్రేమతో చేసినదాని మీద కోపం వస్తే, కోపం వచ్చినవాళ్ళదే తప్పంటారు. ఆదివారం ఆడపడుచు వచ్చి ఆ ఫ్రేము ముందు పది నిమిషాలు నిలబడింది. "మా తమ్ముడికి నువ్వంటే ప్రాణం మరదలా. మీ అన్నయ్యగారు ముప్ఫై ఏళ్ళలో నాకోసం గోడకు మేకు కూడా కొట్టలేదు. పెట్టి పుట్టావు." పెట్టి పుట్టిన మరదలు "అవును వదినా" అని కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ప్లాస్టిక్ పొరకు దుమ్ము ఇట్టే అంటుకుంటుంది. ఇంట్లో రోజూ తుడవాల్సినవాటిలో ఇంకొకటి చేరింది.

సోమవారం ఆరింటికి అలవాటుగా మడత బల్ల తెరిచింది. బల్ల మీద ఏమీ లేదు. కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుంది. అది కూడా బాగానే ఉండేది, కూర్చోనిస్తే. "ఖాళీగానే ఉన్నావుగా అమ్మాయీ, ఈ జాకెట్లకు హుక్కులు కుట్టిపెట్టు" అన్నారు అత్తగారు. మంగళవారం కూతురు చార్టు పట్టుకొచ్చింది. "అమ్మా, ఊరికేగా ఉన్నావు, దీనికి బార్డర్ గీసిపెట్టవా? ట్యూషన్ నుంచొచ్చి అంటించుకుంటా." గురువారం భర్త మధ్యాహ్నమే ఒక సంచీ పంపించాడు. ఏదో ఆఫీసువాళ్ళవి మూడువందల గుర్తింపు కార్డులు. లామినేషన్ అయ్యాయి, మూలలు గుచ్చుకోకుండా గుండ్రంగా కత్తిరించాలి. "నీకు చేతి ఓపిక ఎక్కువ, ఎలాగూ ఆ టైంలో నీకు పనుండదు కదా" అన్నాడు ఫోన్‌లో. ఆమె కత్తిరించింది. కార్డుకు నాలుగు చొప్పున పన్నెండువందల మూలలు. మూడోవారం వచ్చేసరికి అడగడం కూడా మానేశారు. ఆరింటికి గదిలోకి వెళ్తే బల్ల మీద కట్ట సిద్ధంగా ఉండేది. బొటనవేలి మీద కత్తెర ఒరుసుకుని కాయ కాసింది. మంచి మొగుడి మీద, చార్టు గీసిమ్మనే కూతురి మీద, మోకాళ్ళ నొప్పుల అత్తగారి మీద ఏమని ఫిర్యాదు చేస్తుంది? నా నలభై నిమిషాలు పోయాయంటే నవ్వరూ?

నవ్వరని ఆమెకు చెప్పింది సైన్సు టీచరు. ఆ సంగతి చెప్పాలని కాదు, ఆవిడ పోట్లాడడానికి వచ్చింది. ఎవరో సెలవు పెడితే హెడ్మాస్టరు ఆవిడ నాలుగో పీరియడ్ లాక్కుని ఏడో తరగతికి పంపాడట.

"నా ఖాళీ పీరియడ్ ఎవరినడిగి తీశారు మేడమ్?"

"ఖాళీగానే ఉన్నారు కదా అని..." టైంటేబుల్ మేడమ్ నసిగింది. ఆ మాట తన నోట వినగానే తనకే ఏదోలా అనిపించింది.

"ఖాళీగా ఉంటే? ఏం చేసుకుంటానో నా ఇష్టం. కిటికీ ముందు కూర్చుని వేరుశనక్కాయలు తింటాను. అది టైంటేబుల్‌లో ఉంది, మీరే రాశారు. రాసినదాన్ని తీసేయడానికి హెడ్మాస్టరెవరు?"

సైన్సు టీచరు వెళ్ళిపోయాక ఆమె గోడకున్న పెద్ద టైంటేబుల్ చార్టు ముందు చాలాసేపు నిలబడింది. నలభై రెండు పేర్లు. ప్రతి పేరు ఎదురుగా వారానికి ఐదో ఆరో తెల్ల గళ్ళు. ఒక్క గడి తగ్గితే వాళ్ళు కొట్లాటకొస్తారనే భయంతో ఏటా ముందుగా వాటినే గీస్తుంది. ఇంతమంది తీరికను కంటికి రెప్పలా కాపాడే మనిషి, ఇంట్లో తన నలభై నిమిషాలను మూడు వారాల్లో ఎవరు పడితే వాళ్ళకు పంచిపెట్టింది. ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ మంట బాగుంది కూడా. చాలా రోజులుగా లోపల ఏమీ మండక చల్లబడిపోయింది.

శనివారం బడి నుంచి నేరుగా బజారుకు వెళ్ళి, కొత్త పజిల్ కొనుక్కుంది. వెయ్యి ముక్కలు. పూల మార్కెట్ బొమ్మ. అది మడత బల్లకు సరిపోదు, సరిపోనిదే కావాలని ఆమే కొలుచుకుని మరీ కొంది.

సోమవారం ఆరింటికి భోజనాల బల్ల ఖాళీ చేసి, తుడిచి, ముక్కలన్నీ దాని మీద పోసింది. పడకగదిలో కార్డుల కట్ట ఉన్నచోటే ఉంది. ఆరూ నలభై అయింది. లేవలేదు. ఏడింటికి భర్త వచ్చాడు. చెప్పులు విడుస్తూనే హాలు గోడ వైపు చూసి ఆగిపోయాడు. ఫ్రేము అక్కడ లేదు, గుమ్మం పక్కన కాగితంలో చుట్టి నిలబెట్టి ఉంది.

"అదేంటి, తీసేశావు?"

"షాపులో తగిలించుకోండి. వచ్చేపోయేవాళ్ళు చూస్తారు. పనితనం మీదే కదా."

"నీకోసం చేశానే!"

"తెలుసండీ. అందుకే ఇన్నాళ్ళూ తుడిచాను."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముఖం చిన్నబోయింది. "నచ్చలేదా?"

పదిహేడేళ్ళ కాపురంలో అతను తెచ్చిన చీరకూ, చూపించిన సినిమాకూ, కొన్న మిక్సీకీ ఆ ప్రశ్న వేస్తూనే ఉన్నాడు. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే. ఇవాళ అతని ముఖం చూస్తే జాలేసింది. జాలేసినా చెప్పింది.

"నచ్చలేదు. నేను పేర్చేది గోడకు తగిలించడానికి కాదు. మళ్ళీ విప్పడానికి."

"విప్పడానికి పేర్చడమేంటి? దానివల్ల లాభమేంటి?"

"ఏమీ లేదు. నాకు బాగుంటుంది, అంతే."

అతను బల్ల మీద ముక్కల్ని చూశాడు, గోడ మీద మిగిలిన మేకును చూశాడు. చివరికి అడగ్గలిగిన ప్రశ్న ఒకటి దొరికింది. "మరి ఆ కార్డులు? రేపు పొద్దున్నే ఇవ్వాలి."

"కత్తెర వాటి పక్కనే ఉంది" అందామె. మాటలో కోపం లేదు. నిజంగానే లేదు, అప్పటికే పసుపు ముక్కలు ఒక పక్కకు చేరుతున్నాయి.

టీవీలో ప్రకటనలు మొదలైనట్టున్నాయి, అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ ఇవతలికి వచ్చారు. కొడుకు ముఖం చూశారు, కోడలి చేతులు చూశారు, బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకున్న వెయ్యి ముక్కల్ని చూశారు. ట్యూషన్ నుంచి అప్పుడే వచ్చిన కూతురు బ్యాగు భుజానే ఉంచుకుని నిలబడిపోయింది.

"ఇవన్నీ ఇలా పరిస్తే ఎలా అమ్మాయీ?" అన్నారు అత్తగారు. "మేమంతా ఎక్కడ కూర్చుని తినాలి?"

ఆమె ఒక అంచు ముక్కను వెలుతురుకు పట్టి చూసింది.

"ఎక్కడైనా తినొచ్చు అత్తయ్యా" అంది, తలెత్తకుండానే. "ముందు ఎవరు వండుతారో తేల్చుకోండి."