లోయలో తెరిచిన తలుపు

బాబాయి లారీ మీద బిగించిన పెట్టెను ఆఫీసులో అందరూ ట్రాకర్ అంటే, ఆయన మాత్రం చాడీలపెట్టె అనేవాడు. కంట్రోల్ రూములో కూర్చుని ఆ చాడీలు వినే ఉద్యోగం ఆయన అన్న కూతురిదే.

"టీకి ఆగినా నీకు తెలిసిపోతుందా అమ్మాయ్?" అని ఒకసారి నిలదీశాడు.

"ఉపగ్రహాలను బట్టి తనెక్కడుందో పెట్టె తెలుసుకుంటుంది బాబాయ్. ఆ సంగతి సెల్ టవర్ ద్వారా నాకు చేరవేస్తుంది. టవర్ అందకపోతే ఉపగ్రహం ద్వారానే కబురు పెడుతుంది. దానికి ఆకాశం కనబడాలి, అంతే. వెనక తలుపు తెరిచినా, లోపలి చల్లదనమూ డీజిలూ తగ్గినా చెప్పేస్తుంది కానీ, నువ్వు తాగింది టీయో కాఫీయో దానికి తెలీదులే."

"బతికించావు," అన్నాడాయన.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం, టీకామందులతో లోయలోంచి పోయే కొండదారిలో వెళ్తున్న ఆయన లారీ జాడ తెర మీంచి మాయమైంది. ఫోను కలవలేదు. గంట గడిచింది, రెండు గడిచాయి. ఉపగ్రహం నుంచీ ఉలుకూ పలుకూ లేదు.

మూడో గంటలో లారీ చుక్క మళ్లీ మెరిసింది. ఆ వెనకే ఎర్ర అక్షరాలు: తలుపు తెరిచారు. మూశారు. తెరిచారు. మూశారు. మూడోసారీ అంతే.

"దొంగలు పడ్డట్టున్నారు," అన్నాడు మేనేజరు.

"దొంగలు తలుపు మూస్తూ కూర్చుంటారా సార్? లోపల ఉష్ణోగ్రత చూడండి, నాలుగు డిగ్రీలు దాటలేదు. మందు పాడవకుండా చటుక్కున మూస్తున్నాడు. ముందు దారి మూసుకుపోయుంటుంది. కొండచరియ కింద నుంచి ఆకాశం కనబడేదాకా బండి వెనక్కి తెచ్చాడు. మనల్నే పిలుస్తున్నాడు. డీజిలు చూస్తే పావు ట్యాంకే ఉంది, లోపలి చల్లదనం తెల్లారేదాకా నిలవదు."

మేనేజరు ఒక్క క్షణం తెర వంక చూసి, కొండ దిగువన ఉన్న ఇంకో డ్రైవరుకు ఫోన్ కలిపాడు. చీకటి పడేలోగా డీజిలు అందింది. మర్నాడు రాళ్లు తీసేశారు. మందులు చెక్కుచెదరకుండా ఆసుపత్రికి చేరాయి.

తిరిగొచ్చిన బాబాయి నేరుగా కంట్రోల్ రూముకే వచ్చాడు.

"అంత వానలో దిగి మూడుసార్లు తెరవాలా?" అని కోప్పడింది ఆమె.

"ఒకసారి తెరిస్తే దొంగనుకుంటారు. రెండుసార్లయితే మతిపోయిందనుకుంటారు. మూడుసార్లు తెరిస్తే మా అమ్మాయికి అర్థమవుతుంది."

మట్టికొట్టుకుపోయిన ఆయన చొక్కా చేతిని ఆమె గట్టిగా పట్టుకుంది.

"పద బాబాయ్," అంది. "పిన్ని నిన్నటి నుంచీ ముద్ద ముట్టలేదు."