ఇసాలాచ్చికి దప్పి

మా బస్సు నుదుటి మీద ‘విశాలాక్షి మోటార్ సర్వీస్’ అని రాసి ఉంటుంది. విశాలాక్షి అంటే మా యజమాని సీతాపతిగారి తల్లి, ఇప్పుడు లేదు. ఆయనది బెజవాడ వైపు. అనంతపురం, కళ్యాణదుర్గం మధ్య బస్సు తోలేది నేను. టిక్కెట్లు కొట్టేది, కేకలేసేది యేసన్న.

“ఇసాలాచ్చీ! రాండప్పా, ఇసాలాచ్చీ!”

ఆ కేకకు సంత జనం మూటలతో పరుగెత్తి వస్తారు. ఆ ఎండాకాలం సీతాపతిగారే స్వయంగా బస్సెక్కారు. కేక వినగానే ఆయన ముఖం మాడిపోయింది.

“మా అమ్మ పేరు ఖూనీ చేస్తున్నావయ్యా. వి-శా-లా-క్షి! సాయంత్రానికి నోరు తిరక్కపోతే టిక్కెట్ల సంచీ ఇచ్చేసి పో. మా ఊరి నుంచి మనిషిని తెప్పిస్తాను.”

“నాకుండేది ఈ నోరొకటే సామీ. ఇంగోటి యాడ తెచ్చేది?”

జనం పకపకా నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ సంచీ పోతే యేసన్నకు మిగిలేది కరువు పనిలో కంకర కొట్టడమే. అయినా వాడు గొంతు తగ్గించలేదు. ఎందుకు తగ్గించాలి?

మిట్టమధ్యాహ్నం రేడియేటర్ ఉడికి బస్సు ఆగిపోయింది. డబ్బాలో చుక్క లేదు. పక్కనే ఎండిన వంక. ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడుకుంటున్నారు ఆడవాళ్ళు.

సీతాపతిగారు దిగి వెళ్ళారు. “ఈ బస్సు యజమానినమ్మా. ఒక కడవ నీళ్ళివ్వండి. డబ్బిస్తాను.”

పెద్దక్క అనే ముసలామె కడవకు చెయ్యి అడ్డం పెట్టింది. “యజమానివైతే ఏమప్పా? పొద్దన్నుంచి తోడితే ఇన్ని నీళ్ళు. నీ దుడ్లు తాగుతారా మా పిల్లోళ్ళు?”

ఆయన వెనకే యేసన్న వచ్చాడు.

“అక్కా, మన ఇసాలాచ్చికి దప్పి అయితాంది.”

ముసలామె బస్సు వైపు చూసింది. “నా కోడలు నొప్పులు పడతాంటే ఆస్పత్రికి మోసకపోయిన తల్లి గదప్పా! దానికి లేదంటానా?”

కడవ నడుముకెత్తుకుని తనే వచ్చింది. ఇంజను చల్లారేదాకా నిలబడి, తన చేత్తోనే పోసింది. “తాగమ్మా ఇసాలాచ్చీ.”

సీతాపతిగారు టోపీ తీసి చేత పట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

బస్సు కదిలే ముందు యేసన్న సంచీ తీసి ఆయన ఒడిలో పెట్టాడు. “సాయంత్రం దాకా యాల సామీ? నా నోరు తిరగదు.”

ఆయన లేచి ఆ సంచీని వాడి భుజానికే తగిలించారు. “కేకెయ్యి. ఆవిడ చూస్తోంది.”

“యట్ల వేసేది?”

ఆయన ఖాళీ కడవతో నిలబడ్డ పెద్దక్క వైపు చెయ్యి చూపారు. యేసన్న మెట్టు మీద నిలబడి, వంక దద్దరిల్లేలా పిలిచాడు.

“ఇసాలాచ్చీ... రైట్!”