రాజేశం మూల

నస్పూర్‌లో బొగ్గుగనిని గని అనరు, బాయి అంటారు. బాయిలో పనిచేసేవాళ్లకు చావు అనే మాట నోటికి రాదు. దిగుడు, ఎక్కుడు, ఈ రెండే వాళ్ల మాటలు. డ్యూటీకి దిగుతారు, డ్యూటీ అయ్యాక ఎక్కుతారు. ఎక్కనివాణ్ణి గురించి 'ఇంక ఎక్కలే' అని ఊరుకుంటారు. ఈ ముక్క మీద జ్యోతిరాణి ఆరేళ్లు పరిశోధన చేసింది. తొమ్మిదేళ్ల వయసులోనే తెలిసిన సంగతికి ఆరేళ్లెందుకని మనం అనుకోవచ్చు గానీ, యూనివర్సిటీ వాళ్లకు రుజువులు కావాలి కదా.

ఆమె తండ్రి రాజేశం మీద బాయిలో పైకప్పు బండ పడింది. ఆ మధ్యాహ్నం తోటి పనివాడు హనుమండ్లు వాకిట్లోకి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నిలబడ్డాడు. "అందరం ఎక్కినం వదినె. అన్న ఇంక ఎక్కలే" అన్నాడు. రాజేశం భార్య సత్తమ్మ చెంబు కడుగుతూ, "ఎప్పుడెక్కుతడు?" అని అడిగింది. హనుమండ్లు నేల చూశాడు. మూడో రోజు శవాన్ని తెచ్చారు. సత్తమ్మ దాన్ని ఎక్కడం కింద జమకట్టలేదు. ఎక్కడమంటే మనిషి తన కాళ్ల మీద తాను రావాలి.

బండ పడిన చోటికి పనివాళ్లు రాజేశం మూల అని పేరు పెట్టారు. అటు పోయే ప్రతి షిఫ్టులోనూ ముందు నడిచేవాడు తల వంచి "రాజేశం, తొవ్వియ్యి" అని దారి అడిగేవాడు, ఆ తర్వాతే మిగతావాళ్లు దాటేవారు. కొత్తగా చేరిన వాళ్లకు రాజేశం నల్లనో తెల్లనో తెలియదు. అయినా ఆ మాట అనకుండా దాటినవాడు లేడు. తర్వాత ఆ బాయి మూసేశారు. ఇప్పుడు ఆ మూల రిటైరైన పదిమంది ముసలివాళ్ల నోళ్లలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ పదిమంది మాటలూ రికార్డు చేసి జ్యోతిరాణి వ్యాసం రాసింది. "బాపు పేరు పుస్తకంల ఎక్కుతదవ్వా" అని తల్లికి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది.

"మనిషి ఎక్కకపాయె. పేరన్న ఎక్కనియ్యి బిడ్డా" అంది సత్తమ్మ. అది మొదలు రోజూ పొద్దున గిన్నెలు తోముతూ "ఎక్కిందా?" అని అడగడమే. ఆ గిన్నెలన్నీ రాజేశం కొన్నవే. చెంబు కొన్నా గరిటె కొన్నా దుకాణంలోనే తన పేరు కొట్టించేవాడు. సత్తమ్మకు చదువు రాదు గానీ ఆ మూడు అక్షరాలు మాత్రం ఇరవై రెండేళ్లుగా పీచుతో రుద్ది రుద్ది చేతికి కంఠస్థం.

భారతీయ భాషల మీద వచ్చే పేరున్న పత్రిక ఒకటుంది. జ్యోతిరాణి దానికే పంపింది. పంపడమంటే మాటలా? ఆ వెబ్‌సైటు ఆమె పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగింది, ఫ్యాక్స్ నంబరుతో సహా. నస్పూర్‌లో ఫ్యాక్స్ చూసినవాడెవడైనా ఉంటే సన్మానం చేయాలి. తొమ్మిదో రోజున వ్యాసం తిరిగొచ్చింది. రాసిందెవరో సమీక్షకుడికి తెలియకూడదట. ముసలివాళ్లేమో "రాజేశం బిడ్డవు, నీకు చెప్పక ఎవలకు చెప్తం" అన్నారు, ఆమె ఉన్నదున్నట్టు రాసింది. పైగా వ్యాసంలో మనుషుల పేర్లు ఉండకూడదట, చచ్చిపోయినవాళ్లవైనా సరే. పేరుకు బదులు ఏదో ఒక అక్షరం పెట్టమన్నారు.

'ఈ వ్యాసంలో పేరే అసలు విషయం, అది తీసేస్తే వ్యాసమే లేదు' అని ఆమె బతిమాలుతూ రాసింది. ఈ చిరునామాకు ఉత్తరాలు రాయవద్దని క్షణంలో జవాబు వచ్చింది. మనిషైతే కాళ్లు పట్టుకోవచ్చు, మిషనుకు కాళ్లెక్కడివి?

కరీంనగర్ పోయి గైడు పద్మలత మేడం దగ్గర మొర పెట్టుకుంది.

"ఆ నియమం నేను పెట్టిన్నా జ్యోతీ?" అంది మేడం. కోపంగా కాదు, అలసటగా. "నీకు మార్చి ముప్పయ్యొకటి ఆఖరు. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచిన్రు. పత్రిక ఒప్పుకున్నట్టు కాగితం లేకుంటే థీసిస్ ముట్టుకోరు. ఒక్క అక్షరమేగదా, పెట్టి పంపియ్యి."

ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. వచ్చేటప్పుడు ఆమె హనుమండ్లు ఇంటికి పోయింది. ఆయన మంచంలో కూర్చుని ఆయాసపడుతున్నాడు.

"కాకా, బాపు పేరు తీసెయ్యాలంటుండ్రు."

ఆయన చాలాసేపు దగ్గాడు. "లోపట చీకట్ల పేరే తొవ్వ బిడ్డా. పేరు తీస్తే మనిషి ఎటు పోవాలె?" అన్నాడు. మళ్లీ తనే, "అయినా నీ సదువు ఆగుతదంటే తియ్యి. ఏం ఫికర్ జెయ్యకు. మీ బాపు ఏమనడు" అన్నాడు. వద్దంటే బాగుండేదని జ్యోతిరాణికి అనిపించింది. తిట్టినా బాగుండేది.

ఏదో ఒక అక్షరం పెట్టమన్నారు కదా, ఆమెకు 'క' అని గానీ 'చ' అని గానీ పెట్టబుద్ధి కాలేదు. తండ్రి పేరులో మొదటి అక్షరమైనా మిగుల్చుకుందామని 'రా' పెట్టింది. ప్రేమ మనిషిని గుడ్డిదాన్ని చేస్తుందంటే ఏమో అనుకుంటాం. ఒక్క మీట నొక్కితే నలభై ఒక్క చోట్ల రాజేశం 'రా' అయ్యాడు. బండ కూడా అంత తొందరగా పడి ఉండదు. ఆమె కళ్లు తుడుచుకుని వ్యాసం మళ్లీ పంపింది.

మార్చి ఇరవై ఆరున జవాబు వచ్చింది. సమీక్షకుడు తెలుగు బాగా వచ్చినవాడే, కొంప ముంచింది అదే. 'రా' మనిషి పేరు కాదనీ, వచ్చు అనే క్రియ అనీ, 'రా, తొవ్వియ్యి' అనేది దారి అడిగే మామూలు కేక మాత్రమే అనీ రాశాడు. 'రా మూల' అన్నది బహుశా 'రాముల' కావచ్చు, రచయితకు విన్నది సరిగా రాసుకునే అలవాటు లేదు అన్నాడు. అలాంటి మనిషి ఒకడు ఉండేవాడనడానికి వ్యాసంలో ఆధారమే లేదు, కాబట్టి తిరస్కరిస్తున్నాం అని పత్రికవాళ్లు ముగించారు.

జ్యోతిరాణికి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. గడువు ఇంక ఐదు రోజులు. మళ్లీ ఎవరికి రాయాలి? ఏమని రాయాలి? తన పేరు చెప్పకూడదు, తండ్రి పేరు చెప్పకూడదు, ఆయన ఉండేవాడని మాత్రం నిరూపించాలి. నిరూపించే మూల నేల కింద ఉంది.

"ఎక్కిందా?" అంటూ సత్తమ్మ కడిగిన చెంబు పట్టుకుని లోపలికి వచ్చింది. బల్ల మీద వ్యాసం కాగితాలు చూసి, అచ్చయిందే అనుకుంది పాపం. ముఖం వెలిగిపోయింది. "ఏదీ, ఏడ ఉన్నది? సూపియ్యి."

జ్యోతిరాణి కాగితం ముందుకు జరిపింది. 'రా' అన్నచోట వేలు పెట్టింది.

సత్తమ్మ తడి చేయి కొంగుకు తుడుచుకుని వంగింది. చెంబు మీది పేరును, కాగితం మీది అక్షరాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. వేలితో చెంబు మీద తడిమింది, కాగితం మీద తడిమింది.

"మీ బాపు పేరు మూడచ్చరాలు గదనే. గీడ ఒక్కటే ఉన్నది. మిగతయి రెండు ఏవి?"

"ఇంక ఎక్కలే అవ్వా" అంది జ్యోతిరాణి. అన్న తర్వాత గాని తనేమందో ఆమెకు తెలియలేదు.

సత్తమ్మ చేతిలో చెంబు అలాగే ఉంది.

"ఎప్పుడెక్కుతయి?" అని అడిగింది.

జ్యోతిరాణి నేల చూసింది.